అక్క పోసిన మందు

హోటల్ లాండ్రీలో అక్క మాటకు తిరుగులేదు. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే దుప్పట్లు ఉతికేవాళ్లు కబుర్లు కట్టిపెట్టేవారు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే ఆమె తమ్ముడైతే మరీను, నోట్లో నాలుక లేని మనిషి.

అతనికి హెచ్.ఐ.వి. ఉందని అక్కడ అక్క ఒక్కదానికే తెలుసు. రోజూ ఉదయం ఏడింటికి మాత్ర తెచ్చి అతని అరచేతిలో పెట్టేది. అడిగినవాళ్లకు బలం మాత్ర అని చెప్పేది. కడుపులో మంట పుడుతుందని వెంటనే రెండు మూతల ఎసిడిటీ సిరప్ కూడా తనే పోసేది. ప్రేమే, కాదనడానికి లేదు. ప్రేమకు కళ్లుండవంటారు గానీ ఈమె ప్రేమకు చెవులు కూడా లేవు.

ఆర్నెల్లకు డాక్టరు రిపోర్టు చూసి, వైరస్ మళ్లీ పెరిగింది, మాత్రలు ఎగ్గొడుతున్నట్టున్నాడు అన్నాడు. వేరే మందులేమైనా వాడుతున్నాడా అని అడిగితే అక్క లేదంది. ఆమె లెక్కలో సిరప్ మందే కాదు.

"రోజూ మింగుతూనే ఉన్నానక్కా," అన్నాడు తమ్ముడు.

"నేనటు తిరగ్గానే మిషన్లో పడేస్తున్నావు. నాకు తెలీదనుకోకు."

మర్నాటి నుంచి పదిమంది ముందూ అతని చేత నోరు తెరిపించింది, నాలుక ఎత్తించింది. బలం మాత్ర మింగడానికి కూడా ఈయనగారికి మారామే అంటే అందరూ నవ్వారు. నలభై ఏళ్ల మనిషి నోరు తెరుచుకుని, వాళ్ల నవ్వులు అయిపోయేదాకా నిలబడ్డాడు.

మూడు నెలలు గడిచాయి. తమ్ముడు సగమయ్యాడు. ఈ మాత్రకు వైరస్ లొంగడం లేదు, మార్చాలన్నాడు డాక్టరు. మందులిచ్చే కిటికీ దగ్గర నర్సు వరసలో ముందున్నామెకు అదే మాత్ర ఇస్తూ చెబుతోంది.

"ఎసిడిటీ మందుతో కలిపి వేసుకోకండి. మాత్ర ఒంటికి పట్టదు. సిరప్ తాగితే ఆరు గంటలు ఆగాలి."

రోజూ తను పోసే రెండు మూతలు అక్కకు గుర్తొచ్చాయి. తమ్ముడు దూరంగా బెంచీ మీద దగ్గుతూ కూర్చున్నాడు, వినలేదు.

"మీవాడికి అలాంటివేమైనా పోస్తున్నారా?" అని అక్క వంతు రాగానే నర్సు అడిగింది.

ఒక్క మాట చెబితే అతని మీద మచ్చ పోతుంది. కానీ ఆ మచ్చ తన మీద పడుతుంది. రేపటి నుంచి సిరప్ మానేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది అనుకుంది.

"ఏమీ లేదమ్మా. మాత్రలు వీడే పారేస్తుంటాడు," అంది.

నర్సు ఆ మాటే కార్డు మీద రాసింది.

బయట మెట్ల మీద తమ్ముడు ఆగాడు. "ఒకవేళ నేనే మింగడం మర్చిపోయానేమో అక్కా. నీకు తలవంపులు తెచ్చాను."

"ఇకనైనా బుద్ధిగా ఉండు," అంది అక్క.