వేడి తగలని మొగ్గలు

బేకరీ వదిన చేతి బిస్కెట్టు మధ్యలో మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం కోసమే వీధంతా వరస కడుతుంది. అంచు రంగు తిరగడం ఆలస్యం, పళ్ళెం బయటికి లాగేస్తుంది. ఇంకొక్క నిమిషం ఉంచమని ఎవరైనా సలహా ఇచ్చారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

ఆవిణ్ణి కట్టుకున్నవాడు బస్సు డ్రైవరు. నడుములో నరం నొక్కుకుపోయి స్టీరింగుకి దూరమయ్యాడు. మాత్రలు మింగీ మింగీ కడుపు పాడయింది తప్ప కంటిమీద కునుకు లేదు. ఆయనతో పాటు ఆవిడకీ లేదు. చివరికి డాక్టరు గంజాయి వాడి చూడమని చీటీ రాశాడు. ఊపిరితిత్తులు అంతంతమాత్రం కాబట్టి పొగ వద్దు, తినే రూపంలోనే అన్నాడు. లైసెన్సున్న దుకాణం నుంచి ఎండు మొగ్గలు తెచ్చి, పొడి చేసి, వెన్నలో కలిపి, పిండిలో వేసి కాల్చింది. బిస్కెట్లు చెయ్యడం తనకి ఒకరు నేర్పాలా?

మంత్రం వేసినట్టు పనిచేసింది. మధ్యాహ్నం రెండు తిని గోడవైపు తిరిగాడంటే సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. ఆవిడ కూడా పక్కగదిలో నడుం వాల్చేది. బేకరీకొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి చెప్పి చెవులు తినేసింది.

అన్నయ్యని చూడ్డానికి ఆడపడుచు వచ్చింది. ఇలాంటి తినే మందుల్లో సరుకెంతుందో లాబ్‌లో పరీక్షించడమే ఆమె ఉద్యోగం.

"మొగ్గల్ని ముందు ఎంతసేపు వేడిచేశావు వదినా?"

"ముందెందుకు? ఓవెన్‌లో ఎలాగూ కాలతాయిగా."

"నీ బిస్కెట్టు మధ్యలో పిండే సరిగ్గా కాలదు. మొగ్గలేం కాలతాయి?"

ఇంకెవరైనా ఆ మాటంటే ఇంట్లోంచి నడిచేవాళ్ళు. ఆడపడుచు కాబట్టి ఓర్చుకుంది.

"వేడి తగలని మొగ్గలో అసలు మందు ఆమ్లంగా ఉంటుంది. అలా తింటే పెద్దగా పనిచెయ్యదు. సన్నసెగన చాలాసేపు ఉంచితే అందులో ఒక ముక్క విడిపోయి గాలిలో కలుస్తుంది. మిగిలిందే మందు. ఆ తర్వాతే వెన్నలో వెయ్యాలి. అలాగని సెగ పెంచావో, ఉన్నదీ పోతుంది."

"మరి మీ అన్నయ్య హాయిగా నిద్రపోతున్నారుగా?"

ఆడపడుచు నవ్వబోయి ఆగింది. "ఆ బిస్కెట్లకి అంత నిద్ర రాదు వదినా."

బేకరీ వదిన గదిలోకి వెళ్ళి మంచం మీదికి వంగి చూసింది. ఆయన పళ్ళు బిగబట్టి ఉన్నాడు. దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోతోంది.

"ఏమండీ, మీరు నిద్రపోవట్లేదు."

"నేను పడుకుంటే తప్ప నువ్వు పడుకోవుగా," అన్నాడు గోడకేసి చూస్తూనే. "అద్దంలో నీ మొహం చూసుకున్నావా?"

ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. ఆయన ఇక్కడ నొప్పితో నలిగిపోతుంటే తను పక్కగదిలో గుర్రుపెట్టింది. అది మింగుడుపడలేదు.

మర్నాడు మొగ్గల్ని పళ్ళెంలో పరిచి, మూతపెట్టి, సన్నసెగన ఓవెన్‌లో ఉంచింది. ఇల్లంతా ఘాటు వాసన. ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరిగేదాకా ఆడపడుచు తలుపు తియ్యనివ్వలేదు. బేకరీ వదినకి చెయ్యి ఒకటే దురద. తర్వాత వాటిని వెన్నలో కాచి, వడకట్టి, కొత్త బిస్కెట్లు చేసింది. ఆడపడుచు ఒకటి లాబ్‌కి తీసుకెళ్ళి చూసి, పాత అలవాటున రెండు తింటే కొంప మునుగుతుందని, చిన్న ముక్కే పెట్టమంది.

ఆ ముక్క ఆయన చేతిలో పెట్టి పక్కనే కూర్చుంది.

"ఈసారి నాటకాలాడొద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి."

చాలాసేపటికి, ఎలా ఉందని అడిగింది.

"నొప్పి ఉంది," అన్నాడు.

ఇంకాసేపటికి మళ్ళీ అడిగింది.

"కాస్త తగ్గింది."

మొదటి మాట విన్నది కాబట్టి రెండోదాన్ని నమ్మింది.