దయామణి మోకాళ్ళ కింది చాప

నేను ఒక తుంగచాపను. ఒకప్పుడు ఎర్ర అంచు ఉండేది, ఇప్పుడది వెలిసిపోయి ఇటుకపొడి రంగుకు దిగింది. నా నడుమన రెండు గుంటలున్నాయి. కొత్తగా చూసినవాళ్ళు ఎలుకలు కొట్టాయా అని అడుగుతారు. ఎలుకలు కాదు, దయామణి మోకాళ్ళు. పదకొండేళ్ళపాటు రోజూ ఒకేచోట ఆనితే తుంగ మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది?

రేపల్లె అవతల ఒక కాలవగట్టు మీద ఇద్దరు తోటికోడళ్ళు నన్ను నేశారు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకామె తుంగపుల్ల దూరుస్తుంటే రెండో ఆమె చెక్కతో అదిమేది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేతులు కలిపి పని చేశారు గాని ఒక్క మాట అనుకోలేదు. మనసులో ఉన్నది పక్కనున్న మనిషికి తప్ప ఇంకెవరికైనా చెప్పుకునే జాతి మనుషులని నాకు పుట్టిన రోజే తెలిసింది.

సైకిలు మీద చాపలమ్మేవాడు నన్ను దయామణి గుమ్మంలో పరిచాడు. చాప కొనేవాళ్ళు పడుకుంటే ఒత్తుకుంటుందా అని అడుగుతారు. ఈమె మాత్రం మోకాళ్ళకు గుచ్చుకోదు కదా అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, వాడి ముందే మోకరించి చూసింది. ఆ క్షణంలోనే నా బతుకు ఎలా సాగబోతోందో తేలిపోయింది.

దయామణి ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. భర్త ఏసురత్నం ఆటో నడిపేవాడు. కూతురు అక్సకు అప్పుడు ఆరేళ్ళు. దయామణి మూడింటికి బడినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కొంగు తలమీద వేసుకుని నన్ను పరిచేది. మొదటి రెండు మాటలూ మందిరంలో పాస్టరు అయ్యగారు చేసే ప్రార్థనలాగే ఉండేవి. "పరలోకమందున్న దయగల తండ్రీ" అని మొదలుపెట్టి, మూడో మాటకల్లా పొరుగింటి ఆడమనిషితో మాట్లాడినట్టు దిగిపోయేది. బియ్యంలో పురుగులొచ్చాయి ప్రభువా, హెడ్మాస్టరు నామీదే అరిచాడు. గ్యాసు రెండు రోజులకంటే రాదు. ఆయన ఆటోకి బ్రేకులు సరిగ్గా లేవు, నువ్వే పట్టుకో. అక్సకు ఎక్కాలు రావట్లేదు, పదమూడో ఎక్కం దగ్గర ఏడుస్తోంది. ఇవన్నీ వినే ఆ దేవుడి ఓపికకు నాకే ఆశ్చర్యం వేసేది. తలుపు తీసే ఉండేది, గొంతు పెద్దది. వీధిలో పోయేవాళ్ళకు కూడా ఆ ఇంటి కష్టాలు సగం తెలుసు.

ఒకసారి రేషను కార్డు కనబడలేదు. అరగంట కన్నీళ్ళతో ప్రార్థించింది. కార్డు నా కిందే ఉంది. చెప్పడానికి నాకు నోరేది? లేచి నన్ను చుడితే బయటపడింది. "స్తోత్రం తండ్రీ" అని కళ్ళకద్దుకుంది. ఆ ఆదివారం మందిరంలో దానికీ సాక్ష్యం చెప్పింది. మా మందిరంలో కుర్చీలు తక్కువ, ఆడవాళ్ళు ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుంటారు, అందుకని నేనూ వెళ్ళేదాన్ని. ప్రార్థన నెరవేరితే నలుగురిలో లేచి చెప్పాలి, అది అక్కడి పద్ధతి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. నామీద మోకరించేటప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో, లేచేటప్పుడు ఎలా ఉండేదో రోజూ చూశాను. ఆ తేడా నిజం. ఆ బలంతోనే మర్నాడు మళ్ళీ నూటపాతిక మంది పిల్లలకు వండిపెట్టేది.

అక్స ఇంటరులో చేరిన ఏడాది దయామణి ఒకరోజు తలుపు మూసి మోకరించింది. గొంతు బాగా తగ్గించింది. ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోందని ప్రభువుకు చెప్పింది. ఆ మాట విన్నది ఆయనా, నేనూ.

శుక్రవారం ఉపవాస కూడికలో, నోటితో చెప్పలేని విన్నపం ఉన్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ఆమె ఎత్తింది. అలాంటి విన్నపం ఏమిటని ఎవరూ అడగరు. అయ్యగారి భార్యను ఊరంతా అమ్మగారంటారు. ఆమె వచ్చి నూనె రాసి, తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించింది. ఆ వారం నొప్పి తగ్గింది. గడ్డ కూడా చిన్నదైనట్టు దయామణికి అనిపించింది, అనిపించాలని ఎంత కోరుకుందో నాకు తెలుసు. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి, ఛాతీలో గడ్డ ఉండేదనీ, ప్రభువు కరిగించేశాడనీ చెప్పింది. మందిరం హల్లెలూయాలతో దద్దరిల్లింది.

కూడిక అయ్యాక అమ్మగారు నా పక్కనే కూర్చుని మెల్లగా అడిగింది. "ఆసుపత్రిలో చూపించుకున్నావా దయామణీ?"

"చూపించుకున్నానమ్మగారూ. ఏం లేదన్నారు."

దయామణి నోట నేను విన్న మొదటి అబద్ధం అది. ఆ మధ్యాహ్నం నామీద పడి, క్షమించు తండ్రీ అని చాలాసేపు ఏడ్చింది.

నెలన్నర తిరిగేసరికి నొప్పి మళ్ళీ వచ్చింది. అసలు గడ్డ ఎక్కడికీ పోలేదు. ఈలోగా ఆమె పేరు చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. ఉజ్జీవ సభలకు పిలిచి సాక్ష్యం చెప్పించారు. చీరకొంగు కింద గడ్డ పెరుగుతూనే ఉంది, ఆమె మైకు ముందు నిలబడి కరిగిపోయిందని చెబుతూనే ఉంది. ఎవరెవరో ఆడవాళ్ళు ఇంటికొచ్చి, మా మీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యమ్మా అని బతిమాలేవాళ్ళు. కుడిచేత్తో చేసేది. ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు.

ఆ రోజుల్లో ఆమె తన రోగం బాగుచెయ్యమని ప్రభువును అడగడం మానేసింది. నీ పేరు పోకుండా చూడు తండ్రీ, అదొక్కటే అడిగేది. ఎవరికైనా చెప్పవే పిచ్చిదానా అని నా ప్రతి పుల్లా మొత్తుకుంది. కార్డు సంగతి చెప్పలేకపోయినందుకు పోయింది అరగంట. ఇప్పుడు పోతున్నవి నెలలు.

ఏడాది దాటాక ఒక శనివారం అక్స నన్ను ఎండలో వేసింది. కుడి గుంట పూర్తిగా తెగి నేల కనబడుతోంది, ఎడమది ఇంకా నిలిచే ఉంది. ఎడమ పక్క నొప్పికి ఆమె బరువంతా కుడి మోకాలి మీదే ఆన్చేది.

"ఇదేందమా, ఒక పక్కే తెగింది?" అంది.

మోకాలి నొప్పని సర్దిచెప్పింది తల్లి. పిల్ల నమ్మలేదు. సోమవారం కాలేజీనుంచి పెందలాడే వచ్చి మూసిన తలుపు దగ్గర నిలబడింది. లోపల వాళ్ళమ్మ మాటలు విన్నది.

"గడ్డ పగిలింది తండ్రీ. వాసనొస్తాంది. నన్ను తీసుకెళ్ళేటప్పుడు జొరమొచ్చి పోయిందనుకునేటట్టు తీసుకెళ్ళు. నా సాక్ష్యం అబద్ధమని ఎవురికీ తెలియనియ్యమాక."

అక్స తలుపు తోసుకొచ్చి, తల్లిని వెనకనుంచి పట్టుకుని, ఆమె ఆమేన్ అనేలోపే లేపేసింది.

గుంటూరు ఆసుపత్రికి నేనూ వెళ్ళాను, తోడుండేవాళ్ళు పడుకోవడానికి. ఏడాది ముందు తెచ్చి ఉంటే చాలా చెయ్యగలిగేవాళ్ళమని డాక్టరమ్మ వరండాలో చెప్పింది. ఏసురత్నం నామీద కూలబడ్డాడు. పదకొండేళ్ళలో ఆ మనిషి నామీద కూర్చోవడం అదే మొదలు. అది ఆమె చాప, ఆమె పని అనుకునేవాడు.

అమ్మగారు చూడ్డానికి వచ్చింది. మంచం పక్కన నామీద కూర్చుని, సంచీలోంచి బిళ్ళల అట్ట తీసి దయామణి చేతిలో పెట్టింది.

"బీపీ బిళ్ళలు. తొమ్మిదేళ్ళనుంచి వేసుకుంటున్నా. పొద్దున్నే ఇది వేసుకునే ప్రార్థనకు కూర్చుంటాను. బిళ్ళ వేసుకున్నానని ప్రభువు నన్ను ఎప్పుడన్నా కాదన్నాడా? నన్నొక్క మాట అడగొద్దా దయామణీ?"

దయామణి ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరెప్పుడూ చెప్పలా గదా అమ్మగారూ."

కోపంగా అనలేదు. ఉన్నమాట అంది, అంతే. అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుపుకు నా అంచు తడిసింది.

ఆసుపత్రిలో చేరిన నాలుగో నెలలో దయామణి పోయింది. మందిరంలో అయ్యగారు సాక్ష్యం సంగతి ఎత్తలేదు. ఆమె వంట గురించి చెప్పబోయి, చెప్పలేక కూర్చుండిపోయారు. బడి పిల్లలు వరసగా వచ్చి పెట్టె మీద పూలు వేశారు.

ఆ తర్వాత నన్ను చుట్టి తలుపు మూల నిలబెట్టారు. ఒకరోజు అక్స ఇల్లు ఊడుస్తూ నా దగ్గరకొచ్చి ఆగిపోయింది. చీపురు కిందపడేసి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"నీకు తెలుసుగా. పద్నాలుగు నెలలూ నీకు తెలుసుగా" అంది.

తెలుసు తల్లీ. తెలిసినంత మాత్రాన ఏం చెయ్యగలిగాను? ఆ పిల్ల నన్ను చించిపారేసినా బాగుండునని అనిపించింది.

చించలేదు. చాలారోజులు నావైపు చూడలేదు కూడా. ప్రార్థన ఊసెత్తితే లేచి అవతలికి పోయేది. నిన్న మధ్యాహ్నం మూడింటికి మాత్రం వచ్చి నన్ను పరిచింది. తలుపు బార్లా తీసింది. వాకిట్లో ఆటో తుడుచుకుంటున్న తండ్రిని కేకేసి పిలిచింది.

"నానా, ఇట్టా వచ్చి కూచో. నేను ఆయనకు చెప్పేది నువ్వు గూడా ఇనాల."

ఏసురత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి నా అంచున కూర్చున్నాడు. అక్స మోకరించింది. గొంతు వాళ్ళమ్మదే, పెద్దది. రేపు కెమిస్ట్రీ పరీక్ష ప్రభువా, భయంగా ఉంది, అంది. నాన్న సరిగ్గా తినట్లేదు. అమ్మ మీద నాకు బాగా కోపంగా ఉంది, నీమీద కూడా ఉంది. నాకు పదిరోజులనుంచి కడుపులో నొప్పి వస్తోంది, భయపడి ఎవరికీ చెప్పలేదు.

ఏసురత్నం ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ప్రార్థన అవగానే ఆటో తీస్తానన్నాడు. అక్స తలూపి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆ పిల్ల మోకాళ్ళు సన్నవి. వాళ్ళమ్మ గుంటల్లో ఆనితే చుట్టూ ఇంకా చోటు మిగిలింది.