తెల్లచొక్కా మీద చుక్క

ఉమ్మి పెడితే పోతుందిలే అన్నది తనే కదా, ఇరవై ఏళ్లుగా టైలరు షాపులో కత్తెర పట్టిన కటింగ్ మాస్టరు, సూది గుచ్చుకుని తెల్లచొక్కా మీద రక్తపు చుక్క పడితే, గుచ్చుకున్నవాళ్లే దారం ముక్క నమిలి ఆ తడితో అద్దాలి, మరక మాయం, షాపులో చేరిన రోజునే చెల్లెలికి నేర్పాడు, ఎంత బాగా నేర్చుకుందంటే రెండు నెలలుగా ఒక్క చుక్కా తన కంట పడలేదు, ఇప్పుడీ ఆసుపత్రి బెంచీ మీద చొక్కా చేయి మడుచుకుని నర్సు పిలుపు కోసం చూస్తున్నాడు, మెడలో టేపు అలాగే ఉంది, చెల్లెలు మెట్లెక్కితే ఆయాసం అంటే కూర్చుని కూర్చుని ఒళ్లు బద్ధకించిందన్నాడు, మొహం పాలిపోయిందంటే ట్యూబులైటు వెలుగన్నాడు, చేయి కమిలితే మిషను తగిలిందన్నాడు, జ్వరం తగ్గి మళ్లీ వస్తే వానలన్నాడు, అన్నిటికీ జవాబు జేబులో పెట్టుకు తిరిగే మహానుభావుడు.

కానీ గుండీల పిన్ని, అమ్మకి చెల్లెలు, కళ్లద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని మూలన కూర్చుని గుండీలు కుట్టే మనిషి, పోయిన వారం చెత్తబుట్ట ఎత్తబోయి ఆగిపోయింది, ఒరేయ్, ఇన్ని ఎర్రదారాలేంట్రా, ఈ వారం ఎర్రబట్టే కుట్టలేదుగా, చెల్లెలు నవ్వేసింది, వేలు గుచ్చుకుంది పిన్నీ, ఏదీ చూపించు, పొద్దున గుచ్చుకున్నది సాయంత్రానికీ చెమరుస్తూనే ఉంది, పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది, అక్కడా రక్తమే, పాదాల మీద చీమ కుట్టినట్టు సన్నటి ఎర్రచుక్కలు చూసింది, షాపు కట్టెయ్ రా, రేపు ఇవ్వాల్సినవి ఉన్నాయి పిన్నీ, నీ చొక్కాలు తగలెయ్య, పద.

చెల్లెలి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షించిన డాక్టరు చెప్పాడు, అప్లాస్టిక్ ఎనీమియా, మూలుగ రక్తం తయారుచేయడం మానేస్తోంది, ఎర్రకణాలూ తెల్లకణాలూ రక్తం గడ్డకట్టించేవీ అన్నీ పడిపోయాయి, ఇంకో నెల ఆగుంటే చిన్న జ్వరమే ప్రాణం మీదికి తెచ్చేది, వైద్యం ఉంది, అన్న మూలుగ ఎక్కించడానికి సరిపోతుందేమో రక్తం తీసి చూద్దాం, ఇంతకీ ఎవరు కనిపెట్టారు, పిన్ని తనని కాదన్నట్టు కళ్లద్దాలు తుడుచుకుంది, ఎంత మనిషి మా పిన్ని, కాళ్లు పట్టుకోవాలనిపించింది.

నర్సు పిలిచింది, సూది గుచ్చి రక్తం తీసి దూది అదిమింది, కాసేపటికి ఎత్తి చూసుకున్నాడు, ఆగిపోయింది, అంతే, ఆగాల్సింది ఆగుతోందా లేదా, అదొక్కటి చూస్తే చాలు, దానికి చదువక్కర్లేదు, పక్కనున్న మనిషి మీద కన్నుంటే చాలు, ఇన్నాళ్లూ తను చొక్కా చూశాడు, పిన్ని వేలు చూసింది.