గోడ మీద తలలు

దుమ్ముగూడెం పక్కనున్న రాతి చర్చికి వందేళ్లు నిండబోతున్నాయి. పండుగ ఆదివారం నాడే సంఘపెద్ద ఎన్నిక కూడా. ఏళ్లుగా ఆ పెద్దరికం లూకాదే. ప్రసంగంలో ఎవరు కునికినా ఆరాధన అయ్యాక పదిమందిలో నిలబెట్టి కడిగేస్తాడు. మరి తానో? గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని ధ్యానం చేసుకుంటాడు. గురక పెట్టే మనిషి కాదు కాబట్టి ఇన్నాళ్లూ నెగ్గుకొచ్చాడు.

పండుగకు చర్చి శుభ్రం చేయాలన్నారు పాస్టరు అయ్యగారు. ఇనప బ్రష్షూ, యాసిడ్డూ ముట్టుకోవద్దన్నారు. పాత రాయి పైపొర లేచిపోతుందట. గోడలకు కుంకుడు నురుగు, మెత్తటి పీచు. టేకు తలుపులకు తడి పిండేసిన గుడ్డ. రాతిలోకి నూనె దిగిన చోట సుద్దమట్టి పట్టు వేస్తే, ఎండుతూ అదే లాగేస్తుంది.

నూనె మాట వినగానే లూకాకు తన చోటు గుర్తొచ్చింది. ఆముదం రాసిన తల ఏళ్ల తరబడి ఒకే రాయికి ఆనించాడు. గోడకు పట్టిన దీపాల మసి కడిగితే ఆ మరక బయటపడుతుంది, పెద్దరికం గోదాట్లో కలుస్తుంది.

శుక్రవారం ఆడవాళ్లు తలుపులు తుడిచి అన్నాలకు వెళ్లగానే తన చోట సుద్ద మెత్తాడు. సాయంత్రానికి ఎండి రాలింది. నూనెతో పాటు దీపాల మసి కూడా పోయింది. నల్లటి గోడ మీద తలకాయంత తెల్లటి గుండ్రం గుమ్మంలోంచే కనిపిస్తోంది.

భార్య రిబ్కా వచ్చి చూసింది.

"ఏందిది? ఈడ ఎవరి తల ఉంటదో అందరికీ ఎరుకే."

"జల్దీ ఏమన్న చెప్పవే. మసి పూద్దునా?"

"గోడంత కడుగు. అంత తెల్లగైతే నీది కలిసిపోతది."

శనివారం పొద్దంతా లూకా పసిబిడ్డకు తల రుద్దినంత మెల్లగా గోడంతా కడిగాడు. అతని గుండ్రం నిజంగానే కలిసిపోయింది. కానీ మసి కింద దాగినవన్నీ తేలాయి. మగవాళ్లు కూర్చునే పొడవునా జిడ్డు తలలే. పోటీకి దిగిన ఇన్నయ్యకైతే రెండు; ఎండ మొహాన పడితే జరిగి పడుకునేవాడు. లూకా సంబరం అంతా ఇంతా కాదు.

ఆదివారం మగవాళ్లొచ్చి ఎవరి మరకకు వాళ్లు తల అడ్డం పెట్టుకున్నారు. ఏది దాచాలో ఇన్నయ్యకు పాలుపోలేదు. ప్రసంగానికి ముందే ఎన్నిక. నడుమ చాపల మీది ఆడవాళ్లలోంచి రిబ్కా లేచింది.

"అయ్యగారూ, మాకు ఆనుకోను గోడ లేదు. మేం మేలుకొనే ఉన్నం. ఈసారి పెద్దరికం నాకియ్యుండ్రి."

"నా కాడ మరక లేదు గదా," అన్నాడు లూకా.

"అవ్. నీ ఒక్కని కాడనే సుద్ద ఎందుకు పడ్డదో చెప్తవా?"

చర్చంతా నవ్వింది. లూకా సిగ్గుతో చచ్చిపోయాడు.

ఓటంటే అక్కడ లేచి నిలబడటమే. రిబ్కా కోసం ఆడవాళ్లంతా లేచారు. లూకా కోసం గానీ, ఇన్నయ్య కోసం గానీ ఒక్క మగవాడూ లేవలేదు. లేస్తే వెనక మరక కనిపిస్తుంది. పెద్దరికం రిబ్కాకు పోయింది.

ఆ పూట ప్రసంగంలో లూకాకు కునుకు పట్టలేదు.