పూతలో దాక్కున్న దొంగ

నేను ఒక గాజు పలకను. ఆ రోజు నా మీద వేసిన జిగురు ఇంకా ఆరలేదు. బయట ప్రయోగశాల వరండాలో మస్తాన్‌వలి చొక్కా మాత్రం అప్పటికే చిరిగిపోయింది.

“నారు నీది, తెగులూ నీదే! ఇయ్యాళ నీ నర్సరీ పీకి పందిరేస్తాం సాయిబూ!” అంటున్నాడు బ్రహ్మారెడ్డి. అతని వెనక ట్రాక్టర్ల మీద వచ్చిన మిరప రైతులు.

ఆకు ముడుచుకుని, పూత రాలి, చేలన్నీ ఎండిపోతున్నాయి. వాళ్ళలో చాలామంది నారు కొన్నది మస్తాన్ దగ్గరే. ఇంకేం కావాలి? పురుగును పట్టుకోవడం కన్నా మనిషిని పట్టుకోవడం మనుషులకు తేలిక.

ఇప్పుడు నేను చెక్క పెట్టెలో, చీకటి అరలో ఉన్నాను. అయినా ఆనాటి సూక్ష్మదర్శిని దీపం వేడి ఇంకా ఒంటికి తెలుస్తూనే ఉంది.

నన్ను కోసి, అంచులు అరగదీసింది ప్రయోగశాల సామాను తయారయ్యే అంబాలాలో. మొదట ఒక కాలేజీకి చేరాను. ఉల్లిపొరలు మోశాను, దోమ రెక్కలు మోశాను. పిల్లలు నా మీదున్నది చూడకుండా పక్కవాడి బొమ్మ చూసి గీసేవాళ్ళు. వాళ్ళ నవ్వులు, జిడ్డు వేలిముద్రలు ఎంత బాగుండేవి! ఆ కాలేజీ మూసేసిన రోజున, అక్కడే చదువుకున్న హైమావతి మా పలకలన్నీ అడిగి తన ప్రయోగశాలకు తెచ్చుకుంది. పురుగుల జాతి తేల్చడం ఆమె ఉద్యోగం.

మిరపకు పైముడత వస్తే తామర పురుగు, కిందిముడత వస్తే నల్లి. ఆ ప్రాంతంలో చదువుకున్నవాళ్ళకీ, చదువుకోనివాళ్ళకీ నోటికొచ్చిన లెక్క అది. అందుకే రైతులు ఆకులే తెచ్చేవారు, హైమావతీ ఆకులే అడిగేది. ఆకు దులిపితే ఎప్పుడూ ఉండే లేత పసుపు తామర పురుగే రాలేది. అది పాత దొంగ. చేనుకు చేను ఇంత త్వరగా ఊడ్చేయడం దాని వల్ల కాదు. మరి ఎవరు? ఆమెకు అంతుపట్టలేదు.

ఆ పూట బ్రహ్మారెడ్డి కోపంలో మొక్కను వేళ్ళతో సహా పీకి తెచ్చాడు, మస్తాన్ ముఖం మీద ఆడించడానికి. దానికి నాలుగు పూలు మిగిలున్నాయి. హైమావతి కళ్ళు వాటి మీద ఆగాయి. మొక్క లాక్కుని, పూలను తెల్ల కాగితం మీద తట్టింది. నల్లటి నలుసులు పరుగు తీశాయి.

ఒకదాన్ని పట్టి, క్షారంలో నానబెట్టి తేటపరచి, నా మీది జిగురులో రెక్కలు విప్పి పడుకోబెట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పాత దొంగ మీసానికి ఎనిమిది కణుపులు. దీనికి ఏడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

బ్రహ్మారెడ్డి లోపలికి దూసుకొచ్చాడు. “కొత్త పురుగా మేడమ్? అయితే మస్తాన్ పేరే పెట్టండి దానికి!”

“వద్దమ్మా! నా మనవలు బళ్ళో ఎట్టా తలెత్తుకుంటారు?” మస్తాన్ అతని వెనకే పరుగెత్తుకొచ్చాడు.

“కొత్తదైతే కదా పేరు పెట్టేది? ముందెవరైనా పెట్టి ఉంటే ఆ పేరే చెల్లుతుంది,” అంటూ ఆమె రెక్క మీది వెంట్రుకల వరుస, పొట్ట చివరి అంచు ఒక్కొక్కటే గ్రంథాలలోని వర్ణనలతో సరిపోల్చింది. తూర్పు దేశాల్లో ఎప్పుడో కనిపెట్టి పేరు పెట్టిన జాతి అది.

తల తిప్పకుండానే అడిగింది: “రెడ్డిగారూ, మీ తమ్ముడూ ఈ నారే నాటాడా?”

“లేదండీ. వాడు నేరుగా గింజ వెదబెట్టాడు.”

“మరి అతని పూత రాలలేదా?”

బ్రహ్మారెడ్డి గొంతు తగ్గించాడు. “రాలింది మేడమ్. మా దానికన్నా ముందే.”

ఆమె లేచింది. మస్తాన్ చిరిగిన చొక్కా సర్దుకుంటూ అడ్డం వచ్చాడు. “అమ్మా, నన్ను దొంగన్న మాట గేటు దాకా వినపడ్డది. ఇది కూడా అంత గట్టిగా చెప్పండి.”

హైమావతి వరండాలోకి వెళ్ళి గొంతెత్తింది.

“మీ చేలను తిన్నది మస్తాన్‌వలి నారు కాదు. పూతలో దాక్కున్న వేరే జాతి తామర పురుగు. దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్!”