టేపు గొంతు తగ్గించిన రోజు

మాస్టరు పొద్దున్నే షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, ఇస్త్రీపెట్టె వేడికి పెట్టి, మెడలో టేపు వేసుకునేవాడు. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా ఆ టేపు నోరు మూతపడేది కాదు. అతని తండ్రి కూడా దర్జీయే, ఆయన నాటి టేపు అది. ఎవరి ఒంటికి చుట్టినా కొలత తనే పైకి చెప్పేది. కొలతతో ఆగేదీ కాదు.

"నడుము నలభై! పోయినసారి ముప్పై ఎనిమిదే! ఎడమ మోకాలు వాచింది, చూపించుకో!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచేది.

"అబ్బ, మెల్లగా చెప్పవే తల్లీ" అని వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. అలాగని వేరే దర్జీ దగ్గరికి పోయారా అంటే, లేదు. అది చెప్పిన కొలతకి కుట్టిన బట్ట ఒంటికి అతికినట్టుండేది మరి.

అందరికీ అంత చక్కగా కుట్టే మనిషి, తన ప్యాంటు మాత్రం బెల్టుతో కుచ్చిళ్ళు పెట్టి బిగించుకునేవాడు. దర్జీ తన కొలత తాను తీసుకోలేడు, వంగితే నడుము మారిపోతుంది. పోనీ ఇంకొకరి చేతికి టేపు ఇద్దామంటే, అది ఏం అరుస్తుందోనని భయం. అందుకని కొలతల పుస్తకంలో నాన్న పేజీ తీసి ఆ కొలతలకే కుట్టుకునేవాడు. నాన్న కాస్త లావు మనిషి.

ఆ భయం ఎనిమిదో ఏటిది. కుడివైపు వృషణం కిందికి దిగలేదని అప్పుడు ఆపరేషన్ చేసి దించారు. ఇంటికొచ్చాక అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ సంగతి ఎవరికీ చెప్పకురా, నా తండ్రీ. నామీద ఒట్టు" అంది. అంతే, ఇక అతను నోరు విప్పలేదు. పెద్దయ్యాక ఒళ్ళు తన పని తాను చేసుకుపోయేది, అందరి ఒళ్ళలాగే. కానీ కుడివైపుది కాస్త చిన్నగా ఉండేది, పైన ఆపరేషన్ గీత ఉండేది. ఆ రెండూ చూసుకుని తను పెళ్ళికి పనికిరానని తీర్మానించేసుకున్నాడు. అమ్మ పోయింది. ముప్పై ఏడేళ్ళొచ్చాయి. ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దిండు. షాపు మూసిన ఆదివారాలు ఆ టేపు గొంతు కూడా వినపడక, అసలెందుకు తెల్లారిందా అనిపించేది.

షాపు పక్క గదిలో చొక్కాలకి కాజాలు కుట్టే ఆవిడ ఉండేది. భర్తతో విడిపోయి నాలుగేళ్ళయింది. రోజూ చొక్కాలు తెచ్చి బల్లమీద పెట్టి, ఏదో ఒకటి అని అతన్ని నవ్వించి పోయేది. ఒకరోజు నవ్వించకుండా నిలబడింది.

"మాస్టరు గారూ, నాకెవరూ లేరు, మీకూ లేరు. కలిసి ఉందామా? పెళ్ళి చేసుకునే అంటున్నాను."

మాస్టరుకి లోలోపల సంతోషమే వేసింది. అయినా కత్తెర వంక చూస్తూ, "వద్దండీ" అన్నాడు.

"నేను నచ్చలేదా?"

"అయ్యో, అది కాదు."

"మరి?"

మాస్టరు కత్తెర తీసుకుని గుడ్డ కత్తిరించడంలో పడ్డాడు.

వారం రోజులు ఆవిడ చొక్కాలు గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయింది. ఎనిమిదో రోజు లోపలికొచ్చింది. అప్పటికి బెంచీమీద పోస్ట్‌మాన్ తన ప్యాంటు కోసం కూర్చుని ఉన్నాడు.

"నెలాఖరుకి గది ఖాళీ చేస్తున్నాను. వేరేచోట పని దొరికింది. పోయేలోగా మీకో ప్యాంటు కుట్టిపెడతాను. ఆ వేలాడే గుడ్డ చూడలేక చస్తున్నా. టేపు ఇటివ్వండి."

"వద్దండీ."

"దీనికీ వద్దేనా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక కాదనలేకపోయాడు. టేపు ఇచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అయిపోయింది, వీధి వీధంతా వింటుంది అనుకున్నాడు.

"నడుము ముప్పై రెండు!" అరిచింది టేపు. "సీటు ముప్పై ఆరు! వేళకి తినడు!"

మిగిలిన కొస అతని భుజంమీద వేసి, ఆవిడ టేపు తొడకి చుట్టింది. టేపు ఆగింది. పుట్టి బుద్ధెరిగి గొంతు తగ్గించని ఆ టేపు, భుజంమీది కొస చెవి దగ్గరికి జరుపుకుని, అతనొక్కడికే వినపడేలా చెప్పింది.

"తొడ ఇరవై. కుడివైపుదానిలో బఠాణీ గింజంత గట్టిది ఉందిరా. ఉండకూడదు. నొప్పి లేదని ఊరుకోకు, రేపే డాక్టరు దగ్గరికి పో. మిగతాదంతా మామూలే. నువ్వనుకున్నంత ఏం లేదు."

"ఏంటీ, టేపుకి గొంతు పోయిందా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"తొడ ఎంతండీ? నాకూ వినపడలేదు" అంది ఆవిడ.

"ఇరవై" అన్నాడు మాస్టరు గోడవైపే చూస్తూ. తన కొలత తన నోటితో చెప్పడం అదే మొదలు. పోస్ట్‌మాన్ వెళ్ళాక మిగతాది కూడా చెప్పేశాడు. ఆపరేషన్, అమ్మ ఒట్టు, గీత, ఇప్పుడీ గింజ. ఇరవై తొమ్మిదేళ్ళు దాచిన మాట నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

"ఇందుకా నన్ను వారం రోజులు ఏడిపించారు!" అని ఆవిడ మండిపడింది. టేపు చుట్టి బల్లమీద పెట్టి, "రేపు నేనూ వస్తాను" అంది.

డాక్టరు చూశాడు, స్కానింగ్ చేయించాడు. "చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయినవాళ్ళు పెద్దయ్యాక నెలకోసారి చేత్తో తడిమి చూసుకోవాలి. మీ అమ్మగారికి చెప్పే ఉంటారే!"

చెప్పే ఉంటారు. సిగ్గుపడి అమ్మ ఆ మాట కూడా మూట కట్టేసింది. మాస్టరుకి మొదటిసారి అమ్మమీద కోపం వచ్చింది, ఆ వెనకే జాలి వేసింది.

"క్యాన్సర్ గడ్డలా ఉంది. తొందరగా వచ్చారు కాబట్టి సరిపోయింది. కుడివైపుది ఒక్కటీ తీసేస్తాం" అన్నాడు డాక్టరు.

"మరి... పెళ్ళి?"

"రెండోది బాగుంది. సంసారానికి అడ్డేం లేదు. పిల్లల సంగతి పరీక్ష చేసి చెబుతాను, ఒకదానితోనే పిల్లలు పుట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు."

ఆపరేషన్ అయిన నెలకి మాస్టరు మళ్ళీ షట్టరు ఎత్తాడు. ఖాళీ చేస్తానన్న గది సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆవిడ కొత్త ప్యాంటు తెచ్చింది. వేసుకుంటే నడుము దగ్గర వదులైంది. ఆవిడ టేపు చుట్టింది.

"ముప్పై!" అని వీధి చివరిదాకా అరిచింది టేపు. "రెండంగుళాలు తగ్గాడు!"

"విప్పి ఇవ్వండి, బిగించి కుడతాను" అంది ఆవిడ.

"వద్దు, ఉండనీ. నాకని కుట్టారుగా, నిండుతాను" అన్నాడు మాస్టరు. కొలతల పుస్తకం తెరిచి, నాన్న పేజీ దాటించి, కొత్త పేజీలో నడుము ముప్పై రెండు అని రాసుకున్నాడు.