గుంజకు వేలాడిన కంబళి

నా నోరు మంచిది కాదని జవళగిరిలో అందరూ అంటారు. తిమ్మయ్య మామ కళ్లు కాకులు పొడవాలని ఏడేళ్లు తిట్టిపోశాను మరి. నా మొగుడు మారప్పను జైలుకు పంపింది ఆ కళ్లే.

అడవి అంచున తోట కాపలా ఉండే హనుమంతప్పను ఎవరో నరికి చంపారు. సాయంత్రం పూట, జోరువాన. గొర్రెలు తోలుకొస్తున్న తిమ్మయ్య మామ, "తోటలోంచి పరిగెత్తింది మారప్పే. నా కండ్లారా చూసినాను," అన్నాడు. గుర్తుపట్టమని పోలీసులు మారప్పను తెచ్చి నిలబెట్టినప్పుడు కూడా అతని భుజాన ఎర్ర అంచు కంబళి ఉంది. హత్య జరిగిన రోజు మారప్ప అత్తిముగంలో అక్క ఇంట్లో ఉన్నాడు. తోడబుట్టినదాని మాట కోర్టు నమ్మలేదు. యావజ్జీవం వేశారు.

మొదట్లో నెలనెలా ములాఖత్‌కు పోయేదాన్ని. నాలుగో ఏడు, "ఇంక రావద్దు పిల్లమ్మా. నువ్వు పోయినాక నాకు నిద్ర పట్టదు," అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా నన్ను చూడడానికి అతను బయటికి రాలేదు.

పోయిన ఆషాఢంలో గొర్రెలు మేపుతుంటే వాన పట్టుకుంది. మారప్ప కంబళి తలమీదుగా ముసుగేసుకున్నాను. ఎదురుగా తిమ్మయ్య మామ. నన్ను చూసి ఆగిపోయాడు.

"మారప్పా! జైలు నుంచి ఎప్పుడు వచ్చినావప్పా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కంబళి లాగి నేలకేసి కొట్టాను.

"సరిగ్గా చూడు మామా! నేను పిల్లమ్మను. ఆ పొద్దు మనిషిని చూసినావా, కంబళిని చూసినావా?"

ముసలాయన వంగి బురదలోని కంబళి అంచు తడిమాడు. "మొగం చూళ్లేదమ్మా. ఎర్ర అంచు చూసి మారప్పే అనుకొన్నాను."

మా గొర్రెలవాళ్లలో ఒక వాడుక ఉంది. మంద దగ్గర గుంజకు తగిలించిన కంబళి వానలో చిక్కినవాడిది. ఎవరైనా కప్పుకుపోవచ్చు, మళ్లీ తెచ్చి తగిలిస్తే చాలు. ఆ పొద్దు అత్తిముగం పోతూ మారప్ప తన కంబళి ఆ గుంజకే తగిలించాడు, తిరిగొచ్చినాక అక్కడే తీసుకున్నాడు. ఇది మామకూ తెలుసు, నాకూ తెలుసు. అయ్యో, అదీ ఒక సంగతేనా అని కోర్టులో ఎవరమూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

హోసూరులో లాయరు శోభనమ్మ దగ్గరికి మామ తనంతట తానే వచ్చాడు.

"అబద్ధం సాక్ష్యమని నీమీదే కేసు పెట్టొచ్చు తాతా," అందామె.

"పెట్టనీలేమ్మా. చచ్చేలోగా ఈ బరువు దింపుకోవాల."

ఏళ్లుగా మూలపడ్డ అప్పీలులో మామ మాట, ఆయన చూపు ఎప్పటినుంచో మందమని కంటిడాక్టరు ఇచ్చిన కాగితం చేరాయి. హైకోర్టు మారప్పను వదిలేసింది.

జైలు గేటు ముందు పొద్దున్నే నిలబడ్డాను, కంబళి చంకలో పెట్టుకుని. నలుగురైదుగురు బయటికొచ్చారు. ఆ నల్లటి మీసాల కోసం, ఆ వెడల్పాటి భుజాల కోసం వెతుకుతున్నాను. నెత్తి నెరిసిన బక్కమనిషి ఒకడు నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకు జరుగప్పా. మా ఆయన వస్తాడు," అని కసిరాను.

అతను జరగలేదు. నా చంకలోని కంబళినే చూస్తున్నాడు.

"పిల్లమ్మా, నేనే," అన్నాడు.

తిమ్మయ్య మామ దూరం నుంచి, వానలో చూశాడు. నేను పట్టపగలు, బారెడు దూరంలో నిలబడి చూశాను. ఇంక మామను ఏ నోటితో తిట్టేది?